దేశాల హద్దులు దాటిన పరిశోధన నిజంగా ఉమ్మడిదేనా?

తాళపత్రం: సైనాయ్ బైబిలు ప్రతినే చూడండి. నాలుగో శతాబ్దపు గ్రీకు రాత. లండన్‌లో 347 ఆకులు, లైప్‌జిగ్‌లో 43, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొన్ని ముక్కలు, తక్కినవి అది మొదట ఉన్న ఈజిప్టులోని సైనాయ్ మఠంలోనే. 2009లో నాలుగు చోట్ల వాళ్లూ కలిసి అంతా ఆన్‌లైన్‌లో పెట్టారు. దేశం గోడల మధ్య కూర్చుని సాహిత్యమూ చరిత్రా రాసే రోజులు పోయాయంటాను.

నిలువుగీత: అసలు నాలుగు చోట్లకి ఎలా చెదిరిందో దాటేశారే! టిషెండోర్ఫ్ అనే జర్మన్ పండితుడు 1844లో మఠం నుంచి 43 ఆకులు పట్టుకుపోయాడు. 1859లో మళ్లీ వచ్చి, తిరిగిస్తానని రసీదు రాసిచ్చి తనకు చూపిన ఆకులు రష్యాకి తీసుకెళ్లాడు. ఇచ్చాడా? 1933లో సోవియట్ ప్రభుత్వం దాన్ని లక్ష పౌండ్లకు బ్రిటన్‌కి అమ్ముకుంది.

తాళపత్రం: మఠం వాళ్లు రష్యా చక్రవర్తికి రాసిచ్చిన 1869 నాటి దానపత్రం సంగతి మింగేశారు.

నిలువుగీత: వస్తువు చేతులు మారిన పదేళ్లకు రాయించుకున్న దానం ఏపాటి దానం?

సందేహి: ఇద్దరూ ఆ రసీదు దగ్గరే కూర్చున్నారు. అడిగింది ఇప్పటి పరిశోధన గురించి.

తాళపత్రం: నేనూ అదే మొత్తుకుంటున్నా. ఆ సైట్‌లో పక్కనుంచి వెలుతురు వేసి తీసిన ఫొటోలు కూడా ఉన్నాయి. సిరా లేకుండా గీసుకున్న గీతలు తోలు మీద పైకి తేలతాయి. లండన్ ఆకు, సైనాయ్ ఆకు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఇది చిన్న విషయమా?

నిలువుగీత: నేను రెండేళ్లు ఓ విదేశీ ప్రాజెక్టుకి రాతప్రతులు చదివి ఎత్తిరాసి ఇచ్చాను. పుస్తకం వచ్చింది. నా పేరు కృతజ్ఞతల్లో, ఫొటోలు తీసినాయన పేరు కింద.

తాళపత్రం: మీ కడుపుమంటని సిద్ధాంతం చేయకండి.

నిలువుగీత: కడుపుమంటే, ఒప్పుకుంటా. కానీ అది ఒక్క పేరు కోసమే కాదు. చదువుతూ చదువుతూ ఓ అంచురాత దగ్గర ఆగాను. దీని సంగతి చూద్దామా అంటే, ‘మన పరిధిలోకి రాదు’ అన్నారు. పరిధి గీసినప్పుడు నన్నెవరూ పిలవలేదు. ప్రశ్నలు వాళ్లవి, కళ్లు నావి.

తాళపత్రం: ఇది మొదటే చెప్పొచ్చుగా! నాకు వీసా లేదు, ప్రయాణానికి డబ్బు లేదు. ఆ ఫొటోలే లేకపోతే ఈ జన్మకి ఆ ఆకులు చూసేవాణ్ణి కాదు. మీ కోపంతో నా దారి మూసేయకండి.

నిలువుగీత: మీకు చూడ్డానికి దొరికితే చాలు. నాకు చాలదు, అంతే తేడా.

సందేహి: ఇంతకీ ఆ అంచురాతలో ఏముందండీ?