24 గంటల రేసులో ప్రమాదం జరిగితే కార్ల వేగం తగ్గించాల్సింది డ్రైవరా, కంట్రోల్ రూమా?

కావలి రేస్‌ప్రియ:
చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో రేసు ఉందంటే తెల్లారేలోపే నెల్లూరు దాటేసేవాళ్లు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు. అందుకే ఇక్కడే అడుగుతున్నా.

ఫ్రాన్స్‌లో 24 గంటల రేసు జరిగే లె మాన్ ట్రాక్ పొడవు 13.626 కిలోమీటర్లు. ఒక మూలన కారు గోడకు కొట్టుకుంటే మొత్తం రేసును సేఫ్టీ కారు (ముందు నెమ్మదిగా వెళ్తూ అందరి వేగం తగ్గించే కారు) వెనక నడిపించడం ఎందుకని 2014లో స్లో జోన్లు తెచ్చారు, అంటే ప్రమాదం జరిగిన భాగంలోనే వేగం తగ్గించడం. ఆ భాగంలో ఇప్పుడు గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. ఫుల్ కోర్స్ యెల్లో అనే సిగ్నల్ ఇస్తే ట్రాక్ అంతటా 80. డ్యాష్ మీద పసుపు లైటు వెలుగుతుంది, రేడియోలో కౌంట్‌డౌన్ వినిపిస్తుంది, డ్రైవర్ బ్రేకు తొక్కి, వేగం తగ్గాక లిమిటర్ (వేగం హద్దు దాటనివ్వని సిస్టమ్) బటన్ నొక్కుతాడు.

ఆ బటన్ ఇంకా డ్రైవర్ చేతిలోనే ఎందుకుండాలి? ముందుగా బ్రేకు వేసినవాడు టైమ్ పోగొట్టుకుంటాడు, చివరి క్షణం దాకా ఆగినవాడికి లాభం. పోటీలో ఉన్న మనిషి ఏది ఎంచుకుంటాడో మనందరికీ తెలుసు. అదే సమయంలో ట్రాక్ మీద విరిగిన ముక్కలు ఏరేది మార్షల్స్, అంటే ట్రాక్ పక్కన భద్రత చూసే సిబ్బంది. వాళ్లలో చాలామంది రేసు మీద ఇష్టంతో వచ్చిన వాలంటీర్లు. లె మాన్‌లో అన్నిటికంటే వేగంగా పోయే హైపర్‌కార్లలో టార్క్ సెన్సర్లు పెట్టి ఇంజిన్ ఎంత బలం ఇస్తోందో లైవ్‌లో చూస్తున్నారు. అంత చేయగలిగినవాళ్లు కారు 80 దాటకుండా చూడలేరా?

ఒంగోలు మెకానిక్:
తమ్ముడూ, నేను లారీలు, బస్సులు చూసేవాణ్ణి. అయినా ఈ విషయం నాకు బాగా దగ్గరిది. లిమిటర్‌కి బ్రేకు వేయడం రాదు. ఇంజిన్‌కి మంట ఆపడమో, ఇంధనం తగ్గించడమో చేస్తుంది, అంతే. 300లో వస్తున్న కారు సెకనుకు 83 మీటర్లు పోతుంది. మలుపు మధ్యలో ఉన్నప్పుడు ఎక్కడో గదిలో కూర్చున్నాయన పవర్ కట్ చేస్తే బరువంతా ముందు చక్రాల మీద పడి వెనక తేలిపోతుంది. రాత్రి, వాన, అరిగిన టైర్లు... ఒక ప్రమాదం దగ్గర ఇంకో ప్రమాదం మనమే చేసినట్టవుతుంది.

మన దగ్గర కమర్షియల్ బండ్లకు స్పీడ్ గవర్నర్ ఉంది, అదీ 80కే. చెన్నై వెళ్లే పార్సిల్ లారీ సింగరాయకొండ దాటాక ముందున్న బండిని ఓవర్‌టేక్ చేయబోతుంది. సగం దూరం వచ్చాక సూది 80 దగ్గర ఆగిపోతుంది, పెడల్ నేలకు తొక్కినా కదలదు. పక్కనున్నవాడూ తగ్గడు. వెనక నుంచి కారువాడు హారన్ మీద హారన్. ఆ టెన్షన్ పడలేక వైరు పీకేయమని నా షెడ్డుకొచ్చిన డ్రైవర్లున్నారు. నేను పీకను, కానీ వాళ్ల భయం అబద్ధం కాదు. గవర్నర్ చేసేది పైకి పోనివ్వకపోవడమే. పైనుంచి కిందకు లాగడం దానికంటే చాలా పెద్ద పని.

గూడూరు ఈసీఈ:
ఎలక్ట్రానిక్స్ చదువుకున్నదాన్ని కాబట్టి ఒక కేసు చెప్తాను. ఎండ్యూరెన్స్ కాదు, ఫార్ములా వన్. 2014 అక్టోబర్ 5, జపాన్‌లోని సుజుకా ట్రాక్, వాన. అంతకుముందే జారిపోయిన కారును ట్రాక్టర్ తీస్తోంది, రెండు పసుపు జెండాలు ఊపుతున్నారు. అక్కడే జూల్ బియాంకి అనే డ్రైవర్ కారు అదుపు తప్పి గంటకు 126 కిలోమీటర్ల వేగంతో ఆ ట్రాక్టర్‌కి గుద్దుకుంది. 2015 జూలైలో ఆయన చనిపోయారు.

కారు రేసులను పర్యవేక్షించే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఐఏ విచారణలో రెండు విషయాలు తేలాయి. జెండాలు ఊపుతున్నా ఆయన కావలసినంత వేగం తగ్గించలేదు. ఇది కావలి అన్నకు బలం. రెండోది, ట్రాక్ బయటికి పోయాక ఆయన బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ కలిపి తొక్కారు. అలాంటప్పుడు ఇంజిన్‌ను ఆపేయాల్సిన ఫెయిల్‌సేఫ్ పనిచేయలేదు. ఆ టీమ్ కారులో వెనక చక్రాల బ్రేకులను నడిపే ఎలక్ట్రానిక్ సిస్టమ్‌కీ దానికీ పొసగలేదు. కారు కారుకీ సాఫ్ట్‌వేర్ వేరు. లె మాన్‌లో అరవైకి పైగా కార్లు, ఎన్నో కంపెనీలు. అన్నిటికీ బయటి నుంచి ఒకే ఆజ్ఞ పంపి, అన్నీ ఒకేలా తగ్గుతాయని నేనైతే హామీ ఇవ్వలేను.

కందుకూరు 60:
నా పేరులోనే నా సమాధానం ఉంది. 2025 జనవరిలో నటుడు అజిత్ కుమార్ టీమ్ 992 క్లాస్‌లో (పోర్షే 911 కార్ల విభాగం) మూడో స్థానం తెచ్చుకున్న దుబాయ్ 24 గంటల రేసు చూశారు కదా. అక్కడ కోడ్ 60. సిగ్నల్ పడితే అందరూ 60. దాటితే పెనాల్టీ. పెనాల్టీ గట్టిగా ఉంటే చాలు, కారులో కొత్త పెట్టె అక్కర్లేదు.

కావలి రేస్‌ప్రియ:
కందుకూరు అన్నా, పెనాల్టీ పడేది తప్పు జరిగాక. ఆ ఒక్క తప్పుకు మార్షల్ కాలు పోతే పది సెకన్లు కోసి ఏం లాభం? బియాంకి తర్వాత 2015లో ఫార్ములా వన్‌లో వర్చువల్ సేఫ్టీ కారు వచ్చింది, అంటే సిగ్నల్‌తోనే అందరూ వేగం తగ్గించాలనే రూలు. అయినా 2022లో అదే సుజుకాలో, వానలో, ట్రాక్ మీద ఆగిపోయిన కార్లను తీసే రికవరీ బండి ఉండగానే డ్రైవర్ పియర్ గ్యాస్లీ దాని పక్కనుంచి దూసుకుపోయాడు. తర్వాత రెడ్ ఫ్లాగ్ (రేసు ఆపేశామనే సిగ్నల్) కింద 250 కిలోమీటర్ల వేగం చేరాడని పెనాల్టీ వేశారు. రూలు ఉంది, పెనాల్టీ ఉంది, ఆ బండి దగ్గర నిలబడ్డ మనిషికి మాత్రం ఏ రక్షణా లేదు. అప్పుడు అలా రికవరీ బండిని పంపినవాళ్ల తప్పు కూడా ఉంది, అది నేను దాచను.

ఇక ఒంగోలు అన్నకు. కిందకు లాగే పని డ్రైవర్ కాలికే ఉండనివ్వండి. ఎక్కడ బ్రేకు తొక్కాలో ఆయనకే తెలుసు. కౌంట్‌డౌన్ సున్నాకి వచ్చాక, కారు 80 కిందికి దిగిన క్షణం నుంచి లిమిటర్ దానంతట అదే ఆన్ అయిపోవాలి, రేస్ కంట్రోల్ (రేసు నడిపించే కంట్రోల్ రూమ్) తీసేదాకా ఉండాలి. మలుపులో పవర్ కట్ అనే మాటే రాదు. బటన్ మర్చిపోయాను, చెయ్యి జారింది అనే సాకులు పోతాయి.

గూడూరు ఈసీఈ:
ఇలాగైతే నాకు చాలావరకు సమ్మతమే. కానీ సిగ్నల్ తెగితే? ఒక కారు 80లోనే ఇరుక్కుపోయి, మిగతావాళ్లకు గ్రీన్ వచ్చేస్తే, చీకట్లో తిన్నగా పోయే రోడ్డు మీద అది 80లో, వెనకవాడు 300లో. స్లో జోన్ లోపలి ప్రమాదం కంటే అదే పెద్దది.

ఒంగోలు మెకానిక్:
ఇదే నేనూ అడగబోతున్నా. యూరప్‌లో 2024 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ స్పీడ్ అసిస్టెన్స్ తప్పనిసరి చేశారు, కానీ డ్రైవర్ గట్టిగా తొక్కితే అది తప్పుకుంటుంది. రోడ్డు మీద నడిచే కారుకే ఆ దారి వదిలారంటే రేసు కారుకు వదలొద్దా?

కావలి రేస్‌ప్రియ:
వదలాలి అన్నా. డ్రైవర్ తీసేసుకునే మీట ఉండాలి. తీసిన ప్రతిసారీ అది రేస్ కంట్రోల్ స్క్రీన్ మీద అదే సెకనులో కనపడాలి, కారణం టీమ్ చెప్పుకోవాలి. సిగ్నల్ తెగిన కారుకు డ్యాష్ మీద వేరే లైటు, వెనకవాళ్లకు కనపడేలా వెనక కూడా లైటు. ఇది పెట్టడానికి ఉన్న అడ్డేంటో చెప్పండి.

ఒంగోలు మెకానిక్:
మీట ఉంటే నేను ఒప్పుకుంటా. ఆ మీట చక్రం తిప్పే చేతికి అందేచోట ఉండాలి, పొరపాటున తగిలేచోట ఉండకూడదు. ముందు ఏదైనా చిన్న రేసులో ఒక సీజన్ నడిపి చూడనివ్వండి, లె మాన్ సంగతి తర్వాత మాట్లాడదాం.