'శ్రీకృష్ణ జన్మస్థానం' అంటే మథుర కాదా?

గ్రూపులో అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఇక్కడ 'క్రిమినల్ జస్టిస్' అనే హిందీ సిరీస్ మొదటి సీజన్ గురించే మాటలు. 2019లో వచ్చినదే అయినా, సర్జాపుర రోడ్డు అక్కయ్య సెలవుల్లో చూసి రాయడంతో తలా ఒకరు మొదలుపెట్టారు. హిందీలో చూస్తున్నాం, తెలుగులో తగవులాడుకుంటున్నాం. బెంగళూరులో మన బతుకే అంత కదా.

ఎక్కువ మంది బాధ ఒకటే. మొదటి రెండు ఎపిసోడ్లు ఊపిరి బిగబట్టి చూశాం, పోలీస్ స్టేషను, లాయరు మాధవ్ మిశ్రా, కోర్టు, అంతా బాగుంది. తీరా హత్య కేసులో ఇరుక్కున్న కుర్రాడు ఆదిత్య జైలుకు వెళ్ళాక అక్కడి గ్యాంగులు, కొట్లాటలతో కథ దారి తప్పిందంటున్నారు. అక్కయ్య ఇలా రాశారు: "హీరో శ్రీకృష్ణ జన్మస్థానానికి వెళ్ళాక కథ చతికిలపడింది."

దాని కింద ఒక తమ్ముడు, ఇక్కడే పుట్టి ఇక్కడే చదువుకున్నవాడు, ఇలా అడిగాడు: "మథురకు ఎప్పుడు వెళ్ళాడక్కా? నేను ఆ ఎపిసోడ్ మిస్సయ్యానా?"

చాలామంది నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తెలుగు పేపరు చదివే అలవాటు లేని పిల్లవాడికి ఆ మాట అలాగే అర్థమవుతుంది. మథురలో ఆ పేరుతో గుడి ఉంది కూడా. తమ్ముడూ, నువ్వు అడిగింది తప్పు కాదు. జైలును మనవాళ్ళు సరదాగా అలా అంటారు. కృష్ణుడు కంసుడి చెరసాలలో పుట్టాడు కాబట్టి జైలు 'శ్రీకృష్ణ జన్మస్థానం' అయింది. జైలుకు వెళ్ళడాన్ని 'అత్తారింటికి వెళ్ళడం' అనీ, 'ఊచలు లెక్కపెట్టడం' అనీ, 'చిప్పకూడు తినడం' అనీ కూడా అంటారు. ఊచల మాట కన్నడంలోనూ ఉంది, 'కంబి ఎణిసు' అంటారు. తమిళంలోనూ అంతే, 'కంబి ఎణ్ణు'. మూడు భాషల వాళ్ళమూ ఖైదీ చేత ఇనుప కడ్డీలే లెక్కపెట్టిస్తున్నాం.

అర్థం చెప్పడం అక్కడితో అయిపోయింది. నేను రాయాలనుకున్నది వేరు.

ఆ జన్మస్థానంలో ఉన్నవాళ్ళు ఎవరు? దేవకి, వసుదేవుడు. వాళ్ళు ఏం నేరం చేశారు? ఏమీ లేదు. ఎనిమిదో కొడుకు తనను చంపుతాడని ఆకాశవాణి చెప్పిందని కంసుడు వాళ్ళను బంధించాడు. ఇంకా పుట్టని బిడ్డ, ఇంకా జరగని పని. విచారణ లేదు, తీర్పు లేదు. తెలుగువాళ్ళకు అందరికన్నా బాగా తెలిసిన ఇద్దరు బందీలు ఏ తప్పూ రుజువు కానివాళ్ళు. ఆ మాటను మనం దొంగలకూ లంచగొండులకూ వాడీ వాడీ అరగదీశాం. కానీ విప్పి చూస్తే లోపల ఉన్నది అమాయకుల కథ. అక్కయ్యా, మీకు తెలియకుండానే ఆ సిరీస్‌కు సరిగ్గా సరిపోయే మాట వాడారు.

ఎందుకంటే ఈ కథలో ఆదిత్య మీద ఇంకా ఏమీ తేలలేదు. రాత్రి క్యాబ్ తోలాడు, ఎక్కిన అమ్మాయి హత్యకు గురైంది, పోలీసులకు దొరికాడు. అంతవరకే. అయినా మన గ్రూపులో ఒకరు, "ముద్దాయి ఖైదీ అయిపోయాడు కదా, ఇంక కేసేముంది, కోర్టు సీన్లు ఎందుకు ఉంటాయి" అని రాశారు. రాత్రి పదకొండింటికి ఆ వాక్యం చదివి నాకు నిద్ర పట్టలేదు. రాసినాయన మంచివారు, నాకు తెలుసు. తప్పు ఆయనది కాదు. మన మాటలే ఆయన చేత అలా రాయించాయి.

ముందు ఖైదీ సంగతి. కేసు తేలకుండా జైల్లో ఉన్న మనిషిని మన పేపర్లు 'విచారణ ఖైదీ' అనో 'రిమాండ్ ఖైదీ' అనో రాస్తాయి. శిక్ష పడ్డవాడు వేరు. రాతలో తేడా ఉంది. నోటికొచ్చేసరికి ముందు మాట రాలిపోతుంది, 'ఖైదీ' ఒక్కటే మిగులుతుంది. అది మిగిలాక వినేవాడు 'నేరం చేశాడు' అనే అనుకుంటాడు. కన్నడ పేపర్లో 'విచారణాధీన కైది' అని ఉంటుంది, ఇక్కడ చాలామంది చూసే ఉంటారు. అందులోని 'ఆధీన' నాకు ఇష్టం. మనిషి ఇంకా విచారణ చేతిలో ఉన్నాడు, తీర్పు చేతికి రాలేదు అని ఆ మాటే చెబుతుంది.

ఇలాంటివాళ్ళు ఎక్కడో ఒకరిద్దరు ఉంటారని అనుకోవద్దు. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 జైలు లెక్కల ప్రకారం దేశంలోని జైళ్ళలో ఉన్నది 5,73,220 మంది. వాళ్ళలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురికి పైగా, ఇంకా దోషి అని ఏ కోర్టూ చెప్పనివాళ్ళు. జైళ్ళలో ఉన్న చోటేమో 4,36,266 మందికే. సిరీస్‌లో ఆ ఇరుకు గదులు, పడుకోవడానికి జాగా కోసం పడే పాట్లు చూసి "అతిగా తీశారు" అన్నవాళ్ళు ఈ అంకెలు ఒకసారి చూడండి.

అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. అక్కడి నుంచి పోలీసు కస్టడీ, తర్వాత జ్యుడీషియల్ కస్టడీ. హత్య లాంటి కేసుల్లో 90 రోజుల్లోపు చార్జిషీటు వేయకపోతే బెయిల్ అడిగే హక్కు వస్తుంది. చార్జిషీటు వేసేశారంటే ఆ దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత వాయిదా మీద వాయిదా, ఆ వాయిదాల మధ్య బతికేదంతా జైల్లోనే. కోర్టులో గంట, జైల్లో నెల. కథ జైల్లోకి వెళ్ళడమంటే కోర్టును వదిలేయడం కాదు, కేసు నిజంగా ఎక్కడ నడుస్తుందో అక్కడికి వెళ్ళడం.

ఇది సాగదీత అన్నవాళ్ళకు ఇంకొక్క మాట. ఈ కథ మొదట 2008లో బీబీసీలో వచ్చింది. 2016లో అమెరికాలో 'ద నైట్ ఆఫ్' పేరుతో తీశారు. 2019లో మనవాళ్ళు పది ఎపిసోడ్లుగా తీశారు. మూడింట్లోనూ కుర్రాడు జైలుకు వెళ్తాడు, మూడింట్లోనూ జైలు అతన్ని మార్చేస్తుంది. మధ్యలో తోచక అతికించిన ముక్క కాదది, కథ పుట్టిందే దానికోసం.

ఇక ముద్దాయి. ఈ మాట వెనక ఒక చిక్కు ఉంది, దాన్ని నేను ఆఫీసులో తెలుసుకున్నాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర లక్నో నుంచి వచ్చిన మిత్రుడితో ఈ సిరీస్ గురించే చెబుతూ, ఆదిత్య "ముద్దాయి" అన్నాను. ఆయన అయోమయంగా చూశాడు. "అతను ఎవరి మీద కేసు వేశాడు?" అన్నాడు. హిందీలో, ఉర్దూలో 'ముద్దయీ' అంటే కేసు వేసినవాడు, దావా చేసినవాడు. నిందితుడికి వేరే మాట ఉంది, 'ముద్దాలేహ్', అంటే ఎవరి మీద దావా పడిందో ఆ మనిషి. అరబ్బీ నుంచి పారసీ కచేరీల మీదుగా మన దాకా వచ్చేసరికి చివర 'అలేహ్' పోయింది, మొదటి ముక్క మాత్రం అవతలివాడికి అంటుకుంది. అడిగేవాడి పేరు అడగబడేవాడికి వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా ఆ మాట వాడుతున్నాను, ఆ రోజు దాకా తెలియదు.

నా కోరిక చిన్నదే. ఆ సిరీస్ గురించి రాసేటప్పుడు తీర్పు వచ్చే ఎపిసోడ్ దాకా అతన్ని 'నిందితుడు' అనండి. నింద మోస్తున్నవాడు. నింద నిజమో కాదో ఆ మాట చెప్పదు, అదే దానిలోని న్యాయం. జైలుకు మాత్రం 'చెర' అనే పాత మాట మళ్ళీ వాడదాం. ఖైదు అంటే లోపలివాడి తప్పు వినిపిస్తుంది. చెర అంటే బంధించినవాడి తప్పు వినిపిస్తుంది. రావణుడి చెరలో సీత అంటాం, రావణుడి ఖైదులో అనం కదా.

*

కింద వచ్చిన జవాబుల్లో కొన్ని ఇక్కడ పెడుతున్నాను, తర్వాత చేరినవాళ్ళ కోసం.

కోలారు మాస్టారు: "బాబూ, చెర గురించి తొందరపడ్డావు. కన్నడంలో అదే మాట 'సెరె'. తమిళంలో 'చిఱై'. మూడూ ఒక్క ఇంటి పిల్లలే. ఇక్కడి కన్నడ పేపర్లో 'ఆరోపి సెరె' అని రోజూ వస్తుంది. అంటే నిందితుడు దొరికాడు అని, అంతే. బంధించినవాడి తప్పేమీ అందులో లేదు. పోలీసులు దొంగను పట్టుకున్నా సెరెనే. జైలు సెరెమనె. కాబట్టి తప్పు ఎవరిదన్నది మాటలో లేదు. రామాయణం విని విని నీ చెవిలో ఉంది."

మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. నేను తెలుగు ఒక్కదాన్నే చూసి రాశాను. కానీ ఇప్పటి తెలుగులో 'దొంగను చెరపట్టారు' అని ఎవరూ అనరు. చెరపట్టడం అంటే దౌర్జన్యమే. ఒకే మాట అక్కడ మామూలుగా ఉండిపోయింది, ఇక్కడ బాధను మోసింది. తెలుగు వరకు నా మాట నిలబడుతుందనే అనుకుంటున్నాను, మీరు కాదంటే చెప్పండి.

మాస్టారు మళ్ళీ: "నిలబడుతుంది. కానీ రోజువారీ మాటల్లోకి రాదు. మా ఊళ్ళో తెలుగువాళ్ళు జైలు అంటారు, బెయిల్‌ను జామీను అంటారు, చెర అనరు."

సర్జాపుర అక్కయ్య: "నేను సరదాగా రాశాను తమ్ముడూ, ఇంత దూరం ఆలోచించలేదు. కానీ నా ఇబ్బంది నాది. పన్నెండేళ్ళ పాపతో కూర్చుని చూస్తున్నాను. కోర్టు ఉన్నంతసేపు పాప ప్రశ్నలు అడిగింది, నేను చెప్పాను. జైలు మొదలయ్యాక ఆపేయాల్సి వచ్చింది. అది మంచి కథ కాదని అనను, మా ఇంట్లో చూడలేకపోయాం."

అక్కయ్యా, అది సరైన మాట. ఆ భాగం పిల్లలతో చూసేది కాదు. నేను మీ మాట అందుకుని రాశానే గానీ మిమ్మల్ని తప్పు పట్టలేదు.

మల్లేశ్వరం పెద్దమ్మగారు: "జైలు కథ మనకు కొత్తా నాయనా? గోల్కొండలో రామదాసు ఏం చేశాడు? సర్కారు సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని లోపల వేశారు. సీతమ్మ చింతాకు పతకానికి ఎన్ని వరహాలు, ఎవరికి ఏ నగ చేయించాడు, అన్నీ వరసగా పాడాడు. మేం చిన్నప్పుడు భజన అనుకుని పాడాం. ఇప్పుడు వింటే లెక్కల పుస్తకం తెరిచి సాక్ష్యం చెబుతున్నట్టు ఉంటుంది. కోర్టు లేదు, వకీలు లేడు, రాముడినే జడ్జీ చేసుకున్నాడు. కోపం వచ్చి తిట్టాడు కూడా, తర్వాత దెబ్బలకు ఓర్వలేక తిట్టానయ్యా అన్నాడు."

పెద్దమ్మగారూ, మీరు రాసింది చదివాక నా పోస్టులో సగం అనవసరం అనిపించింది. 'దెబ్బలకు ఓర్వలేక' అన్న ఆ ఒక్క ముక్కలో లోపల ఏం జరిగిందో మొత్తం ఉంది. కోర్టులో నిలబడి చెప్పలేనిది చెరలో కూర్చుని చెప్పాడు. సిరీస్‌లో జైలు భాగం ఎందుకు కావాలో ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఒక మిత్రుడు: "మా బస్సు రోజూ పరప్పన అగ్రహార వైపే పోతుంది. ఇక్కడ 'అగ్రహారం' అంటే జైలే. మా ఊళ్ళో అగ్రహారం అంటే బ్రాహ్మణులకు దానమిచ్చిన వీధి. అమ్మ ఫోన్లో ఎక్కడున్నావురా అంటే అగ్రహారం దాటుతున్నా అన్నాను, ఆవిడ ఏ గుడికో అనుకుంది."

బెంగళూరు పాత సెంట్రల్ జైలు గాంధీనగర్ దగ్గర ఉండేది, ఇప్పుడది ఫ్రీడమ్ పార్కు. 1975లో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు వాజపేయి, అద్వానీ లాంటివాళ్ళను ఉంచింది అక్కడే, ఏ విచారణా లేకుండా. ఇప్పుడు ధర్నాలకు జనం చేరేది ఆ గోడల మధ్యే. పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్ళి రండి. పాత గదులు, కాపలా బురుజు చూపించి 'శ్రీకృష్ణ జన్మస్థానం' అంటే ఏమిటో అక్కడ చెబితే బాగా గుర్తుంటుంది.

చివరగా, మొదట ప్రశ్న అడిగిన తమ్ముడు: "అన్నా, అర్థమైంది. జైలు ఎపిసోడ్లు ఫార్వర్డ్ చేసి చూశాను, మళ్ళీ మూడో ఎపిసోడ్ నుంచి మొదలుపెడుతున్నా. ఒక డౌట్. రాత్రి నాన్నను అడిగితే జైల్లో వేసినవాణ్ణి మా తాత 'బొక్కలో వేశారు' అనేవాడట. అది కూడా రాయొచ్చా?"

రాయొచ్చు తమ్ముడూ. మా ఇంట్లోనూ అనేవాళ్ళు. గోడలో బొక్క, ఎలుక దూరే బొక్క, అదే మాట. మీ తాతగారిది ఏ ఊరో కూడా రాయి.