240 కిలోమీటర్ల సైకిల్ రైడ్‌కి విరాళాలు అడగాలి. ఎలా అడగాలో తెలియడం లేదు

వెనకచక్రం:

నమస్కారం అందరికీ. ఇంకో తొమ్మిది వారాల్లో రెండు రోజుల సైకిల్ రైడ్‌కి వెళ్తున్నాను. మొత్తం 240 కిలోమీటర్లు. క్యాన్సర్ చివరి దశలో ఉన్నవాళ్లని ఇంటికే వచ్చి చూసుకునే ఒక నర్సుల బృందం కోసం ఈ రైడ్. ఆఖరి నాలుగు నెలలు మా నాన్నని చూసుకున్నది వాళ్లే. పుండ్లు పడకుండా మనిషిని పక్కకి ఎలా తిప్పాలో, మార్ఫిన్ ఏ వేళకి ఎంత ఇవ్వాలో, రాత్రి ఊపిరి గరగరమంటే కంగారుపడకుండా ఏం చేయాలో నాకు నేర్పారు. అందుకే ఈ రైడ్ నాకు చాలా ముఖ్యం.

గ్రూపులన్నిటికీ లింకు పెట్టి మెసేజ్ పంపాను. చప్పట్ల బొమ్మలు బోలెడు వచ్చాయి. డబ్బు ఇచ్చింది మాత్రం తొమ్మిది మంది, అందులో నలుగురు ఇంట్లోవాళ్లే. మళ్లీ అడగాలంటే టెన్షన్‌గా ఉంది. ఇచ్చేవాళ్లకి కూడా సంతోషం కలిగేలా, కొత్తగా ఏమైనా చేయొచ్చా? పాటలు పాడటం, సభలు పెట్టడం నాకు రావు. సైకిల్ రిపేరు మాత్రం వచ్చు, నాన్న నేర్పారు. పంక్చర్ దగ్గర్నుంచి చక్రం బెండు తీయడం దాకా చేయగలను.

ఎదురుగాలి:

ఇలాంటి రైడ్లు నేను ఐదు చేశానండి. మొదటిసారి నాకూ సరిగ్గా ఇదే జరిగింది. ముందు ఒక్కటి చెప్పండి. ఇక్కడ మీ నాన్నగారి గురించి రాశారు కదా, ఆ మెసేజ్‌లో రాశారా?

వెనకచక్రం:

లేదండి. నిర్వాహకులు ఇచ్చిన పేరానే పెట్టాను. సొంత విషయం రాస్తే జాలి కోసం రాసినట్టు ఉంటుందేమోనని ఆగిపోయాను.

ఎదురుగాలి:

రాయండి. పైన మార్ఫిన్ గురించి రాసిన ఆ ఒక్క వాక్యం చాలు. నేను మిమ్మల్ని చూడలేదు, అయినా చదవగానే ఆ నర్సులు ఏం చేస్తారో నాకు అర్థమైంది. నిర్వాహకుల పేరా ఎవరు పంపినా ఒకేలా ఉంటుంది.

దూరం పెద్దదైతేనే ఇస్తారని చాలామంది అనుకుంటారు. ఒకే కొండను సైకిల్ మీద ఎక్కుతూ దిగుతూ మొత్తం 8,848 మీటర్లు, అంటే ఎవరెస్టు అంత ఎత్తు, ఎక్కినట్టు లెక్క తేల్చే ఎవరెస్టింగ్ దాకా వెళ్తారు. అదేమీ తప్పు కాదు. కానీ 2020లో ఇంగ్లండులో టామ్ మూర్ అనే పెద్దాయన నడిచింది ఇంటి ఆవరణలోనే. నూరేళ్లు నిండేలోగా వాకర్ పట్టుకుని వంద సార్లు నడుస్తానన్నారు. వెయ్యి పౌండ్లు వస్తే చాలనుకున్నారు. మూడు కోట్ల పౌండ్లకు పైగా వచ్చాయి. జనం ఆయన్ని చూసి ఇచ్చారు, దూరాన్ని చూసి కాదు.

ఇక కొత్తగా చేయడం గురించి. 240 గడులు గీసి, ఒక్కో కిలోమీటరూ ఒక్కొక్కరికి ఇవ్వండి. డబ్బు ఇచ్చినవాళ్లు తమ పేరు కాకుండా, తాము తలచుకోవాలనుకునే మనిషి పేరు ఇస్తారు. ఆ జాబితాను మీరు హ్యాండిల్ దగ్గర అంటించుకుని తొక్కుతారు. నేను చేసినవాటిలో మనుషులకి బాగా దగ్గరైంది ఇదే. ఎంత ఇస్తున్నారన్నది పక్కకి పోయి, ఎవరి పేరు ఇవ్వాలా అని ఆలోచిస్తారు.

ఇంకో మాట. గ్రూపులో పెట్టకండి, ఒక్కొక్కరికీ విడిగా రాయండి. రోజుకి ఐదుగురు చాలు.

గంటమోత:

మా ఆఫీసులో చేసింది చెప్తాను. సైకిల్‌ని ఇండోర్ ట్రైనర్ మీద, అంటే వెనక చక్రం రోలరు మీద తిరుగుతూ ఉన్నచోటే తొక్కే స్టాండు మీద బిగించి, అందరూ వచ్చిపోయే చోట పెట్టాం. ఒక్కొక్కరూ పది నిమిషాలు తొక్కుతారు, తోచినంత ఇస్తారు. మీ లెక్కకి ఇది భలే కుదురుతుంది. గంటకి 24 కిలోమీటర్ల వేగంతో పది నిమిషాలంటే 4 కిలోమీటర్లు. అరవై మంది తొక్కితే 240 అయిపోతాయి, పది గంటల పని. సీటు ఎత్తు త్వరగా మార్చగలిగే సైకిల్ పెట్టండి, లేకపోతే మనిషి మారినప్పుడల్లా ఆలస్యమవుతుంది. వెనక చక్రానికి పాత టైరు వేయండి, రోలరు రాపిడికి టైరు త్వరగా అరిగిపోతుంది. తువ్వాలు మర్చిపోవద్దు.

మీకు రిపేరు వచ్చంటున్నారు కాబట్టి ఒక ఆదివారం సర్వీసింగ్ పెట్టండి. చైన్ శుభ్రం చేసి నూనె వేయడం, బ్రేకులు బిగించడం, గాలి చూడటం. ధర చెప్పకండి, పక్కన డబ్బా పెట్టండి.

లెక్కలపుస్తకం:

మూడు విషయాలు చెప్తాను, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

డబ్బు మీ ఖాతాలోకి రానివ్వకండి, నేరుగా సంస్థ ఖాతాకే వెళ్లాలి. డబ్బాలో పడ్డదాన్ని ఇద్దరి ముందు లెక్కపెట్టి, అదే రోజు జమ చేసి, రసీదు ఫోటో అందరికీ చూపించండి.

మీ ప్రయాణం, బస, టైర్ల ఖర్చు ఈ డబ్బులోంచి తీయకండి. ఖర్చులు మీవేనని మెసేజ్‌లో రాయండి కూడా. అమెరికాలో పాన్-మాస్ ఛాలెంజ్ అనే రైడ్ 1980లో 36 మందితో మొదలైంది. ఇప్పుడు అక్కడ సైక్లిస్టులు పోగుచేసిన విరాళం మొత్తం డేనా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకే వెళ్తుంది. నిర్వహణ ఖర్చులకి ప్రవేశ రుసుములు, స్పాన్సర్లు వేరే ఉన్నారు. ఇచ్చేవాళ్లకి ఆ మాట ఎంత ధైర్యమో చూడండి.

టికెట్లు అమ్మి లక్కీ డ్రా తీయమని ఎవరైనా సలహా ఇస్తారు. చాలా చోట్ల అది లాటరీ చట్టాల కిందికి వస్తుంది, అనుమతి కావాలి. కనుక్కోకుండా చేయవద్దు.

ఇవి కాక ఒక సలహా. ఎవరైనా పెద్ద మొత్తం ఇచ్చేలా ఉంటే ఒక్కసారిగా తీసుకోకండి. 'మిగతావాళ్లు ఎంత ఇస్తే అంత నేనూ కలుపుతాను' అని ప్రకటించమనండి. డీన్ కార్లన్, జాన్ లిస్ట్ అనే ఆర్థికవేత్తలు 2007లో ప్రచురించిన పరిశోధనలో, అలా చెప్పినప్పుడు ఇచ్చేవాళ్లు 22 శాతం పెరిగారు. ఒకటికి రెండు, మూడు రెట్లు కలుపుతామన్నా అంతకు మించి లాభం కనిపించలేదు. కాబట్టి సమానంగా కలిపితే చాలు.

వెనకచక్రం:

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను.

మెసేజ్ తిరగరాశాను. ఏడుస్తూనే రాశాను, నాలుగు వాక్యాలే. రోజుకి ఐదుగురికి పంపాను. చాలా ఏళ్లుగా మాట్లాడని ఒక స్నేహితురాలు ఫోన్ చేసింది. వాళ్ల అమ్మనీ ఇలాగే ఇంట్లో చూసుకున్నారట. గంటసేపు మాట్లాడుకున్నాం. విరాళం సంగతి ఆఖర్న గుర్తొచ్చింది ఇద్దరికీ.

సర్వీసింగ్ ఆదివారం నాడు 31 సైకిళ్లు వచ్చాయి. సగానికి పైగా చైన్లు ఎండిపోయి కిర్రుమంటున్నాయి. ఒక సైకిల్‌కి ముందు బ్రేకు రబ్బర్లు ఇనుము కనపడేంతగా అరిగిపోయాయి, ఓ పిల్లాడు దాని మీదే రోజూ బడికి వెళ్తున్నాడు. ఆ ఒక్క బ్రేకు మార్చినందుకైనా ఆ రోజు పెట్టడం మంచిదైంది. నాన్న స్పానర్లే వాడాను. లెక్కలపుస్తకం గారు చెప్పినట్టే డబ్బా ఇద్దరి ముందు విప్పి, అదే రోజు జమ చేశాను.

ట్రైనర్ ఇంకా దొరకలేదు, గంటమోత గారూ. అడుగుతున్నాను.

గడుల చార్టు మాత్రం నేను ఊహించలేదు. హాల్లో గోడకి అంటించాను. మొదటి రోజు దారి బాగుంటుంది కాబట్టి ఆ కిలోమీటర్లు చాలావరకు త్వరగా అయిపోయాయి. రెండో రోజు 171 నుంచి 178 దాకా ఏటవాలు ఎక్కుడు ఉంది. అవి ఎవరూ తీసుకోలేదు. అప్పుడు ఒక మాట రాశాను: 'చదునుగా ఉన్న చోట ఒక కిలోమీటరు నాకు రెండున్నర నిమిషాలు. ఆ ఎక్కుడు మీద గంటకి ఏడుకి మించి పోలేను, అంటే ఒక్కో పేరు నాతో ఎనిమిది నిమిషాలకు పైగా ఉంటుంది.' సాయంత్రానికి ఆ ఎనిమిదీ నిండిపోయాయి. ఇద్దరు ముందు తీసుకున్న గడి వదిలేసి అక్కడికి మార్చమన్నారు.

ప్రతి 20 కిలోమీటర్లకి ఆగి, ఆ ఇరవై పేర్లూ చదివి, రికార్డు చేసి వాళ్లవాళ్లకి పంపుతాను. మొత్తం పన్నెండు చోట్ల ఆగాలి. పేర్లు తడవకుండా ప్లాస్టిక్ కాగితం తొడిగి, పై కడ్డీకి టేపుతో చుట్టాను.

ఇంకా 23 గడులు ఖాళీగా ఉన్నాయి. ఎక్కువగా 95 నుంచి 115 మధ్య, ఎండ బాగా ఎక్కే వేళ. ఎదురుగాలి గారూ, ఇంత దారి చూపించారు, మీకు ఎవరి పేరైనా ఇవ్వాలని ఉంటే అడగండి, ఏ గడి అయినా మీదే.

ఎదురుగాలి:

104 ఇవ్వండి. మా అక్క. పేరు మీకు విడిగా పంపుతున్నాను, పైకి చదివేటప్పుడు చివరి అక్షరం దీర్ఘం తీయండి. మేం అలాగే పిలిచేవాళ్లం.