700 డాలర్లలో తర్వాతి పాత రైఫిల్ ఏది కొనమంటారు? ఇషాపూర్ త్రీనాట్‌త్రీనా, 2ఏ1నా?

గుంటూరోడు_ప్లేనో:

అందరికీ నమస్తే. నేనుండేది డల్లాస్ పక్కన ప్లేనోలో. సిటిజన్‌షిప్ వచ్చాక పాత మిలిటరీ రైఫిల్స్ మీద పిచ్చి పట్టింది, ప్రస్తుతానికి నా దగ్గర రష్యన్ మోసిన్ నాగాంట్ 91/30 ఒకటి, యుగోస్లావియా మౌజర్ ఎం48 ఒకటి ఉన్నాయి. ఈ ఏడాది ఇంకొక్కటే కొంటానని ఇంట్లో మాటిచ్చాను, బడ్జెట్ గట్టిగా 700 డాలర్లు, టాక్సు, ట్రాన్స్‌ఫర్ ఫీజు, ఒకట్రెండు బాక్సుల తూటాలు అన్నీ అందులోనే సర్దుకోవాలి.

కళ్లముందు రెండున్నాయి. ఒకటి బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో 1942లో చేసిన లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3 స్టార్, అదే మనం త్రీనాట్‌త్రీ అంటామే అది, ఇక్కడొక గన్ షాపులో 550 చెప్తున్నాడు. రెండోది ఇషాపూర్‌దే 2ఏ1, అదే పద్ధతిలో 7.62 నాటో తూటాకి చేసింది, 1966ది, ఆన్‌లైన్‌లో ఇంచుమించు అదే రేటు. స్విస్ ఆర్మీ రైఫిల్ కే31 కూడా చాలా ఇష్టం, బట్ ప్లేట్ (వెనక చెక్క చివర ఉండే ఇనుప పలక) విప్పితే దాన్ని వాడిన సైనికుడి పేరున్న చీటీ దొరుకుతుందని విన్నప్పట్నుంచి మనసంతా దానిమీదే ఉంది, కానీ మంచి పీస్ నా బడ్జెట్‌లో కనబడట్లేదు.

నేను వేటకెళ్లను. ఏడాదికి రెండుమూడు సార్లు రేంజ్‌కెళ్లి ఓ ఇరవై రౌండ్లు కాల్చుకోవడం, మిగతా రోజుల్లో తుడిచి పెట్టుకుని దాని చరిత్ర చదువుకోవడం, అంతే. మా తాతయ్య ప్రకాశం జిల్లాలో కానిస్టేబుల్‌గా చేశారు, ఆయన డ్యూటీలో మోసింది త్రీనాట్‌త్రీయే, అందుకే మనసు అటే లాగుతోంది. కానీ తూటాల ఖర్చు చూస్తే 2ఏ1 బెటరేమో అనిపిస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతసరుకు_హ్యూస్టన్:

తమ్ముడూ, తాతగారు మోసిన తుపాకీ అని నువ్వే చెప్పాక ఇంక డౌటేంటి, త్రీనాట్‌త్రీ తీసుకో. కలెక్షన్ అంటే మనకేదో సంబంధం ఉన్న వస్తువు ఇంట్లో ఉండటం, మోసిన్లు, మౌజర్లు టెక్సాస్‌లో ప్రతి రెండో కలెక్టర్ దగ్గరా ఉంటాయి. ఇషాపూర్ ఫ్యాక్టరీ కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున ఉంది, అక్కడ తుపాకుల తయారీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే మొదలైంది, నువ్వు చెప్తున్న 1942 పీస్ మీద కిరీటం, దాని కింద జీఆర్ఐ అనే అక్షరాలు ఉండాలి. అది ఆరో జార్జి ముద్ర, ఆ ఐ అక్షరం చక్రవర్తికి గుర్తు. స్వాతంత్య్రం వచ్చాక చేసినవాటికి ఆ కిరీటం పోయి మన సింహాల ముద్ర వచ్చింది. అదే ఫ్యాక్టరీ, అదే డిజైన్, పైన ముద్ర ఒక్కటే మారింది. కుదిరితే ముందు ముందు సింహాలది కూడా ఒకటి తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టుకో.

కానీ 550 అన్నాడు కదాని వెంటనే కార్డు తియ్యకు, ఇండియా నుంచి వచ్చిన సర్ప్లస్‌లో (సైన్యం వదిలేసిన సరుకులో) చూసి కొనాల్సినవి చాలా ఉంటాయి. మొట్టమొదట డీపీ అనే ముద్ర ఉందేమో వెతుకు. ఆ ముద్రుంటే డ్రిల్లు కోసం పక్కనపెట్టిన తుపాకీ అన్నమాట, వాటిని కాల్చకూడదు, కొన్నింటికి తూటా కూర్చునే చాంబర్లోనే రంధ్రం వేసేసి ఉంటుంది. రెండోది, బ్యారెల్లోకి లైటేసి చూడు. మరలు (గుండు తిరిగేలా లోపల చెక్కిన మెలి గాడులు) కనబడకుండా నున్నగా గొట్టంలా ఉందంటే, పైగా మేగజైన్ ఉండాల్సిన చోట చెక్క దిమ్మ ఉందంటే, అది గార్డుల కోసం .410 సైజుకి మార్చేసిన మస్కెట్, అంటే మరల్లేని తుపాకీ. అదీ చరిత్రే, కాదనను, కానీ 303 రేటిచ్చి కొనొద్దు.

ఇంకొకటి, ముందు చెక్కలో రిసీవర్ (తూటా పెట్టే చోటుండే ఇనుప భాగం) కిందుగా అడ్డంగా ఒక స్క్రూ కనబడుతుంది. షాపువాడు అది రిపేర్ అనీ, డామేజ్ అనీ చెప్తే నమ్మకు, చెక్క పగలకుండా ఇషాపూర్‌వాళ్లే వేసేవాళ్లు, ఇషాపూర్ స్క్రూ అనే పేరే ఉంది దానికి. ముందు భాగానికి రాగి తీగ చుట్టి ఉన్నా భయపడకు, గ్రెనేడ్లు విసరడానికి గట్టిదనం కోసం అలా చుట్టేవాళ్లు, కాకపోతే అలాంటి తుపాకీ బ్యారెల్ బాగా శ్రమపడి ఉంటుంది, కాబట్టి గన్‌స్మిత్‌కి చూపించకుండా కాల్చొద్దు.

ఎడారి_రేంజ్_ఫీనిక్స్:

నేను ఒప్పుకోను అన్నా. సెంటిమెంట్ బాగానే ఉంది కానీ ప్రశ్నలో బడ్జెట్ అని ఉంది కదా. 550 రైఫిలు, దానిమీద టెక్సాస్ సేల్స్ టాక్స్ 8.25 శాతం అంటే దాదాపు 45, అక్కడికే 595 అయిపోయింది. మిగిలిన నూటఐదులో గన్‌స్మిత్‌కి కొంత, పోగా మిగిలేది రెండు బాక్సులకి సరిపోతుందో లేదో. 303 కొత్త తూటా అంటే సెర్బియా పీపీయూదో ఇంకొకటో కొనాలి, ఒక్కో రౌండ్ డాలర్ పైనే. ఈ ఖర్చు ఒకసారితో పోదు, తుపాకీ నీ దగ్గరున్నన్నాళ్లూ ఉంటుంది.

2ఏ1 అయితే 7.62 నాటో, ఏ షాపులోకెళ్లినా దొరుకుతుంది, రేటు తక్కువ. పైగా అది పాత తుపాకీకి బోర్ (తూటా సైజు) మార్చి చేసింది అనుకుంటారు చాలామంది, కాదు, 1962 చైనా యుద్ధం తర్వాత మన ఆర్మీ అవసరం కోసం ఇషాపూర్‌వాళ్లు ఇంకా గట్టి స్టీలుతో కొత్తగా చేసిన రైఫిల్. త్రీనాట్‌త్రీ ఇంగ్లాండులో చేశారు, ఆస్ట్రేలియాలో చేశారు, 2ఏ1ని ఇండియాలో తప్ప ఎక్కడా చెయ్యలేదు. మనదేశం అనే సంబంధమే కావాలంటే అంతకన్నా ఏం కావాలి. బట్ సాకెట్ (వెనక చెక్క అతికే ఇనుప భాగం) మీద ఆర్ఎఫ్ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అని, పక్కన సంవత్సరం కొట్టి ఉంటుంది చూడు. మేగజైన్ చదరంగా కిందికి పొడుచుకొచ్చి ఉంటుంది, 303 మేగజైన్ షేపు వేరు, ఫొటోలోనే తేడా తెలిసిపోతుంది.

ఒక్క జాగ్రత్త. షాపుల్లో .308 వించెస్టర్ అని అమ్మే హంటింగ్ తూటాలు అందులో పెట్టొద్దు, సైజు ఒకటే అయినా కొన్నింటి ప్రెషర్ ఎక్కువ. దీనిమీద ఇక్కడి కలెక్టర్లు ఏళ్ల తరబడి కొట్టుకుంటూనే ఉన్నారు, ఏం కాదనేవాళ్లూ ఉన్నారు, నా మటుకు నేను మామూలు నాటో బాల్ (మిలిటరీ సాధారణ తూటా) తప్ప ఏదీ వాడను. అరవై ఏళ్ల నాటి బోల్ట్ (తూటాని వెనక నుంచి మూసి పట్టే కడ్డీ) నా మొహానికి జానెడు దూరంలో ఉంటుంది, నాలుగు డబ్బులు మిగుల్తాయని దాంతో ప్రయోగాలు చెయ్యలేను.

పాతసరుకు_హ్యూస్టన్:

తూటాల లెక్క కరెక్టే బ్రో, కానీ ఏడాదికి అరవై రౌండ్లు కాల్చేవాడికి ఆ తేడా ఎంతని, మహా అయితే ఏడాదికి నలభై యాభై డాలర్లు. నెలనెలా రేంజ్‌కి పోయేవాడైతే నేనూ 2ఏ1యే అనేవాణ్ణి.

తమ్ముడూ, తుపాకీ తెప్పించుకునే ఖర్చు తగ్గించుకునే మార్గం ఒకటుంది. యాభై ఏళ్లు దాటిన తుపాకులు చట్టం దృష్టిలో క్యూరియో అండ్ రెలిక్ కిందికొస్తాయి, వాటికోసం కలెక్టర్ లైసెన్స్ వేరే ఉంది, ఫీజు మూడేళ్లకి 30 డాలర్లు. అది చేతిలో ఉంటే వేరే రాష్ట్రం నుంచి కొన్నా ఈ పాత రైఫిల్స్ నేరుగా ఇంటికే పంపిస్తారు, ప్రతిసారీ డీలర్‌కి ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టక్కర్లేదు. అప్పుడు ఆన్‌లైన్‌లో దేశం మొత్తం వెతుక్కోవచ్చు, మీ ఊరి షాపువాడు చెప్పిన రేటే రేటు అనే బాధ ఉండదు. కాకపోతే కొన్నవీ అమ్మినవీ ఒక పుస్తకంలో పద్ధతిగా రాసి ఉంచాలి, ఆ పని బద్ధకించకూడదు.

హెచ్1బీ_కుర్రాడు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి అన్నలూ. నేను హెచ్1బీ మీద ఉన్నా, నాక్కూడా ఒక పాత రైఫిల్ కొనుక్కోవాలని ఉంది. కొనకపోయినా ఫ్రెండ్‌తో రేంజ్‌కెళ్లి అతని తుపాకీతో కాలిస్తే పర్లేదా?

ఎడారి_రేంజ్_ఫీనిక్స్:

తమ్ముడూ ఆగు, ఇది చాలా సీరియస్. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, సొంతది అక్కర్లేదు, రేంజ్‌లో ఫ్రెండ్‌ది చేతిలోకి తీసుకున్నా లెక్కలోకి వస్తుంది. కొన్ని మినహాయింపులున్నాయి, అందులో మనలాంటివాళ్లకి పనికొచ్చేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్. అది ఆ రోజుకి చెల్లుబాటులో ఉండాలి, గడువు అయిపోయిందంటే మళ్లీ మొదటికే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది లేదు. మనవాళ్లు వీకెండ్‌కి సరదాగా వెళ్లి ఫొటోలు దిగి పెట్టేస్తుంటారు, కేసైతే ఉద్యోగం, వీసా, గ్రీన్ కార్డు ఫైలు అన్నీ ఒకేసారి పోతాయి. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడుగు, ఆయన సరేనన్నాకే రేంజ్ గడప తొక్కు.

చార్మినార్_చందు:

హైదరాబాద్ నుంచి. అన్నా, రేపు మీరు ఇండియాకొచ్చి సెటిల్ అయితే వెంట తెచ్చుకోవచ్చని మాత్రం అనుకోకండి. ఇక్కడ 303, 7.62 రెండూ సర్వీస్ బోర్లు, అంటే సైన్యం, పోలీసులు వాడే సైజులు, మామూలు లైసెన్స్ మీద ఇవ్వరు. అందుకే ఇషాపూర్‌వాళ్లు ఇక్కడి జనం కోసం అదే లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతిలో .315 స్పోర్టింగ్ రైఫిల్ వేరే చేస్తారు. దానికీ లైసెన్స్ కావాలి, ఎందుకు కావాలో కారణం చూపించాలి, 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులకే పరిమితి. కలెక్షన్ అనే ముచ్చట ఇక్కడ మా బోటివాళ్లకి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదితో సరి. మీరు కొన్నాక క్లోజప్ ఫొటోలు పెట్టండి, ఆ ముద్రలు చూడాలనుంది.

గుంటూరోడు_ప్లేనో:

అందరికీ థాంక్స్. నిన్న షాపుకెళ్లి త్రీనాట్‌త్రీని గంటసేపు చూశాను. కిరీటం, జీఆర్ఐ, ఇషాపూర్, 1942 అన్నీ నీట్‌గా చదవగలిగేలా ఉన్నాయి. డీపీ ముద్ర ఎక్కడా లేదు, అడ్డ స్క్రూ ఉంది, తీగ చుట్టలేదు. బ్యారెల్లో మరలు పదునుగానే ఉన్నాయి కానీ లోపలంతా కొంచెం నల్లగా ఉంది. రిసీవర్ మీది నంబరూ బోల్ట్ మీది నంబరూ ఒకటే, ముక్కు (బ్యారెల్ మూతి) దగ్గర ఇనుప టోపీ మీద మాత్రం వేరే నంబరుంది. బట్ మీద కత్తితో గీసినట్టు తెలుగో కన్నడమో రెండు అక్షరాలున్నాయి, సగం అరిగిపోయి ఏవో తెలియట్లేదు. అవి చూశాక దాన్ని వదిలి రావడం కష్టమైంది. ఆ నంబరు తేడా చూపించి బేరమాడితే 490కి దిగాడు. తీసుకోనా?

పాతసరుకు_హ్యూస్టన్:

తీసుకో. బోల్ట్ నంబరు కలవడమే అసలు సంగతి, ముక్కు టోపీ ఆర్సెనల్‌లో రిపేర్లప్పుడు మారిపోతుంటుంది. నల్లగా ఉండటం కార్డైట్ అనే మందు వాడిన పాత తూటాల పనే, మరలు పదునుగా ఉంటే చాలు. ఒక డమ్మీ తూటా తీసుకెళ్లి గుండు వైపు నుంచి బ్యారెల్ మూతిలో పెట్టి చూడు, గుండు కొంచెం బయటే ఆగితే మంచిది, తూటా ఇత్తడి కేసు అంచు బ్యారెల్ మూతికి తగిలేదాకా గుండు మొత్తం దిగిపోతే మూతి అరిగిపోయినట్టు, అలాగైతే ఇంకో వంద తగ్గించమను, లేదంటే వదిలెయ్.

కొన్నాక మొదట గన్‌స్మిత్‌తో హెడ్‌స్పేస్ (బోల్ట్‌కీ తూటాకీ మధ్య సందు) గేజ్ పెట్టించి చూడు, అదయ్యేదాకా ఒక్క రౌండూ వద్దు. చవగ్గా దొరుకుతున్నాయని పాత సర్ప్లస్ తూటాలు కొంటే మాత్రం కాల్చిన రోజే బ్యారెల్లో వేడినీళ్లు పొయ్యాలి, వాటి ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే భాగం) నుంచి బ్యారెల్లో ఉప్పు మిగుల్తుంది, అది నీళ్లకే కరుగుతుంది, నూనె రాస్తే పోదు. తర్వాత పొడిగా తుడిచి అప్పుడు నూనె. ఆ అక్షరాల మీద సాండ్‌పేపర్ గానీ వార్నిష్ గానీ తగలనివ్వకు, చెక్కకి పల్చగా లిన్‌సీడ్ ఆయిల్ చాలు.

ఇంట్లో పిల్లలుంటే బోల్ట్ తీసి వేరే చోట తాళం వేసి పెట్టు, దీనికి బోల్ట్ తియ్యడం నిమిషం పని. టెక్సాస్‌లో పదిహేడేళ్లలోపు పిల్లలకి అందేలా లోడ్ చేసిన తుపాకీ వదిలేస్తే కేసవుతుంది, కేసు సంగతి అలా ఉంచు, పిల్లల విషయం.

ఎడారి_రేంజ్_ఫీనిక్స్:

490 అంటే నేనూ తీసుకోమనే చెప్తా. టాక్సుతో కలిపి 530 చిల్లర, గేజ్ చెకింగ్ పోను రెండు బాక్సుల పీపీయూ హాయిగా వస్తాయి. ఆ బట్ మీది అక్షరాలని మామూలుగా కాకుండా పక్క నుంచి టార్చ్ ఏటవాలుగా పట్టుకుని ఫొటో తియ్యి, నీడ పడి గీతలు లేస్తాయి, ఇక్కడ పెట్టు, తెలుగో కన్నడమో చూద్దాం.