ఈ వారం సమస్య: చచ్చినట్టివాడె సాక్ష్యమిచ్చె

పెన్నా గట్టు:
అందరికీ నమస్కారం. ఈసారి సమస్య సినిమాలోంచి తీసుకున్నా. మొన్న రిలీజైన ఒక గూఢచారుల సినిమా మనోళ్లు చాలామంది చూసేశారు కాబట్టి ధైర్యంగా ఇస్తున్నా, చూడనోళ్లు ఈడే ఆగిపోయి చూసొచ్చి చదవండి, కింద అంతా ఆ ఒక్క సీను గురించే. ఇంటర్వెల్ ముందు హీరోని పెట్టెలో పెట్టి మట్టి కప్పుతారు కదా, సెకండాఫ్‌లో విచారణ గదిలో బాసు నిలబడి రహస్యాలు అమ్మింది మా కుర్రోడే, పాపం పోయాడు, పోయినోడి గురించి ఇంకేం చెప్తాం అని గొంతు బొంగురు చేసుకుని చెప్తా ఉంటే వెనకాల తలుపు తెరుచుకుని ఆ కుర్రోడే నడిచొచ్చి సాక్షి కుర్చీలో కూర్చుంటాడు. నేను నెల్లూరులో చూసిన ఆటలో ఒక్క క్షణం హాల్లో ఏసీ మోత తప్ప ఇంకేం వినపళ్లేదు, ఆ తర్వాత లేచింది చూడండి అరుపు! ఇంటికొచ్చేదాకా అదే సీను తిరగతా ఉంది బుర్రలో, దారిలోనే ఈ పాదం పడింది.

చచ్చినట్టివాడె సాక్ష్యమిచ్చె

ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే, అంటే మూడేసి మాత్రల ముక్కలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో జత కలవాల్సిన అక్షరం, ఇక్కడ చ కి సా. పై మూడు పాదాలు రాసి పూరణ చెయ్యడం మీ వంతు. సినిమా కథే రాయాలని లేదు, ఆ మాట నమ్మబుద్ధి అయ్యేట్టు చెయ్యాలి అంతే.

కావలి కుర్రోడు:
అన్నా ఫస్ట్ నాదే. మా హాల్లో జరిగింది జరిగినట్టు రాశా.

ఈల వేసినారు ఎగిరిరి కుర్చీల
పక్క సీటు తాత పరవశించె
చచ్చె ననుకొనంగ సరసర తెర మీద
చచ్చినట్టివాడె సాక్ష్యమిచ్చె

నిజంగా నా పక్కన ఒక పెద్దాయన ఉన్నాడన్నా, సినిమా మొత్తం కదలకుండా కూర్చున్నోడు ఆ తలుపు తెరుచుకోగానే నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఒరే బతికే ఉండాడ్రా అన్నాడు, నేనెవరో ఆయనకి తెలీదు!

పెన్నా గట్టు:
భలే తమ్ముడూ. రెండో పాదం చాలా బాగుంది, నువ్వు చెప్పిన తాత నాకు కనపడ్డాడు. మూడో పాదంలో "చచ్చెననుకొనంగ" అని పెట్టావే, అదే ఈ సమస్యకి తాళంచెవి. మొదటి పాదంలో మాత్రం "వేసినారు ఎగిరిరి" దగ్గర సంధి వదిలేశావు, ఉకారం తర్వాత అచ్చొస్తే కలిసి తీరాలి, కలిపితే గణం పోద్ది. ఇట్టా మారిస్తే?

ఈల లేసి కుర్చి లెక్కిరి కుర్రాళ్లు

కుర్చిలు ప్లస్ ఎక్కిరి, లోపల ఎ ఉంది కాబట్టి ఈ కి యతి సరిపోద్ది. పైగా నువ్వు ఎగిరారు అన్నావు గానీ ఎక్కడికి ఎగిరారో చెప్పలేదు, ఇప్పుడు కుర్చీ ఎక్కి నిలబడ్డారని కళ్లకు కడతది.

కనిగిరి అక్క:
నాదీ సినిమానే.

శవము పెట్టె మూసి సంతాప సభ పెట్టి
కపటి బాసు కంట కార్చె నీళ్లు
తలుపు తెరుచుకొనగ తానె లోనికి వచ్చి
చచ్చినట్టివాడె సాక్ష్యమిచ్చె

కందుకూరు మాస్టారు:
అమ్మా, ఛందస్సు శుభ్రంగా ఉంది, నడక కూడా ఆటవెలదికి తగినట్టు తేలిగ్గా ఉంది. అయితే సమస్య విడిపోయిందా అని చూస్తే విడిపోలేదు. చచ్చినోడు తలుపు తీసుకుని వచ్చాడంటున్నావు, ఎట్లా వచ్చాడో పద్యంలో లేదు. సినిమా చూసినోడికి అర్థమైపోద్ది, చూడనోడికి దెయ్యం వచ్చినట్టుంటది. పద్యం సినిమా టికెట్ అడక్కూడదు.

కనిగిరి అక్క:
అవును మాస్టారూ. ఆ కపటి అన్న మాట కూడా నాకు తృప్తిగా లేదు, వాడు ఉత్త కపటి కాదుగా, రెండు వైపులా జీతం తినేవాడు.

పెన్నా గట్టు:
అక్కా అట్టాంటోడికి కౌటిల్యుడే పేరు పెట్టి పోయాడు, ఉభయవేతనుడు అని! అర్థశాస్త్రంలో గూఢపురుషుల గురించి చెప్పేటప్పుడు విద్యార్థి వేషం వేసేవాడు, సన్యాసి వేషం, వర్తకుడి వేషం, రైతు వేషం అని వరసగా చెప్తాడు, శత్రువు దగ్గర జీతం తీసుకుంటానే మన పని చేసేవాళ్లని ఉభయవేతనులు అంటాడు, వాళ్ల పెళ్లాం బిడ్డల్ని రాజు తన దగ్గర పెట్టుకోవాలని కూడా రాశాడు, ఎందుకంటే వాళ్లని నమ్మడం అంత కష్టం. మాస్టారు చెప్పిందీ ఇదీ కలిపి చూడండి:

శవము పెట్టె మూసి సంతాప సభ పెట్టి
ఉభయవేతనుండె యొత్తె కళ్లు
బతికి యుండి తలుపు పక్కకు నెట్టుచు
చచ్చినట్టివాడె సాక్ష్యమిచ్చె

"బతికి యుండి" ఒక్కటి వచ్చేసరికి ముడి విడిపోయింది. మొదటి పాదం మొత్తం నీదే, దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు.

చీమకుర్తి గ్రానైట్:
అందరూ పొగుడుతున్నారు గానీ నాకా ట్విస్టు దిగలేదబ్బా. నా పూరణ ప్రశ్న.

లాజికేది బాబు లావుగా కోశారు
గుండు తగిలినాక గుటుకు మనెను
మట్టి కప్పినాక మరి యెట్ల లేచెరా
చచ్చినట్టివాడె సాక్ష్యమిచ్చె?

సూళ్లూరుపేట:
అన్నా లాజిక్ ఉంది, నువ్వు చూళ్లేదు. నేను మా ఊరి పెద్ద స్క్రీన్ మీద చూశా కాబట్టి దొరికిందేమో. హీరో ఎడమచేతి వాటం, టీ గ్లాసు ఎడం చేత్తోనే ఎత్తుతాడు, గడియారం కుడి చేతికి. పెట్టెలో శవాన్ని చూపించినప్పుడు ముఖం మీద గుడ్డ ఉంటది, చేతులు మాత్రం గుండెల మీద పెట్టి ఉంటాయి, ఎడం మణికట్టు మీద ఎండ తగలని తెల్లటి చార. అంటే ఆ శవం ఎడం చేతికి గడియారం పెట్టుకునే ఇంకెవరిదో. రెండు సెకన్లు కూడా ఉండదు ఆ షాటు. రెండోసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

చీమకుర్తి గ్రానైట్:
నిజమా? నేనా టైములో ఫోన్ చూసుకోలేదే, ముఖం మీద గుడ్డే చూస్తా ఉన్నా. అయితే మళ్లీ పోతా.

పెన్నా గట్టు:
గ్రానైట్ అన్నా, పాదం చివర ప్రశ్నార్థకం పెట్టి విడగొట్టడం పాత పద్ధతే, తప్పు లేదు, ఒప్పుకుంటా. లావుగా కోశారు అన్నది మన ప్రకాశం జిల్లా నోట్లోంచి నేరుగా ఊడిపడింది, దాన్ని ఎవరు మార్చమన్నా మార్చొద్దు. కానీ ప్రశ్నతో విడగొడితే భారం చదివేవాడి మీద పడద్ది. తెల్లచార సంగతి సూళ్లూరుపేట తమ్ముడు చెప్పాక నాకు అనిపించింది ఏందంటే, ఆ డైరెక్టర్ చేసింది మనం ఈడ చేసే పనే. నాలుగో పాదం ముందే రాసిపెట్టుకున్నాడు, చచ్చినోడొచ్చి కూర్చోవాలి అని, తర్వాత వెనక్కిపోయి మొదటి పాదంలో టీ గ్లాసు పెట్టాడు, రెండో పాదంలో మణికట్టు పెట్టాడు. అవి లేకుండా తలుపు తెరిచుంటే నేనైతే కోపంతో లేచొచ్చేవాణ్ణి. మూడు పాదాల్లో దారి వెయ్యకుండా నాలుగోది విసిరితే అది జనాన్ని మోసం చెయ్యడమే.

ఒంగోలు ప్లీడరు:
నేను సినిమా జోలికి పోలేదు. చచ్చినోడు సాక్ష్యం ఇవ్వడం మా కోర్టుల్లో వింత కాదు, మరణ వాంగ్మూలం అంటాం.

చచ్చిపోవు వేళ జడ్జికి చెప్పిన
మాట కాగితాన మాసిపోదు
కోర్టులోన దాని గొంతెత్తి చదువగ
చచ్చినట్టివాడె సాక్ష్యమిచ్చె

1872 నాటి సాక్ష్య చట్టంలో 32వ సెక్షన్‌గా ఉండేది, 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో 26వ సెక్షన్. ఒకరు చెప్పింది ఇంకొకరు వచ్చి చెప్తే మామూలుగా కోర్టు తీసుకోదు, మనిషి పోయాడు కాబట్టి తన చావుకి కారణం గురించి వాడు చెప్పిన మాటకి మాత్రం మినహాయింపు. మేజిస్ట్రేట్ ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన కూర్చుని రాసుకుంటారు, మనిషి స్పృహలో ఉన్నాడో లేడో డాక్టరు రాసిస్తాడు. అట్టాంటి కాగితం కోర్టులో చదివేటప్పుడు హాల్లో ఎవరూ దగ్గను కూడా దగ్గరు, నేను విన్నాను.

కందుకూరు మాస్టారు:
ప్లీడరు గారూ, దీంట్లో దిద్దడానికి నాకేం దొరకలేదు. మొదటి పాదంలోనే చచ్చిపోవు వేళ అన్నారు కాబట్టి చివర వచ్చే చచ్చినట్టివాడు నిజంగానే చచ్చాడు, అయినా సాక్ష్యం నిలబడింది. బతికున్నాడని చెప్పి తప్పించుకోలేదు మీరు. కాగితాన మాసిపోదు, ఎంత నిబ్బరంగా ఉంది!

మైపాడు అల:
మాస్టారూ నేను భారతంలోంచి తెచ్చా. నిజంగా చచ్చినోడే.

నర్తనాలయమున నలిగిన కీచకు
చావు వార్త చెప్ప చారు లపుడు
ఆడ భీము డుండె నని తేలె రాజుకు
చచ్చినట్టివాడె సాక్ష్యమిచ్చె

కందుకూరు మాస్టారు:
అబ్బయ్యా! ఇది తిక్కన గారి గట్టు మీద కూర్చుని రాసినట్టుంది. దుర్యోధనుడి చారులు దేశమంతా తిరిగి పాండవుల జాడ లేదని చెప్పి, చివర్లో మాటల్లో మాటగా కీచకుడు రాత్రిపూట చచ్చాడని చెప్తారు, వాళ్లకది చిన్న కబురు, వినేవాడికి అదే అసలు కబురు. కీచకుణ్ణి అట్లా ముద్దచెయ్యగలిగినోడు ఇంకెవడు? ఆ పీనుగే భీముణ్ణి పట్టించింది. ఒక్క సందేహం, మూడో పాదంలో రాజు ఎవరు? విరాటుడూ రాజే, వాడి ఊళ్లోనే కథ. "నని యెంచె కురుపతి" అనండి, గణాలు అట్టాగే నిలబడతాయి, ఎవరనేదీ తేలిపోద్ది.

ఆడ భీము డుండె నని యెంచె కురుపతి

మైపాడు అల:
మార్చుకున్నా మాస్టారూ. ఆడ అనే మాట ఉంచొచ్చా? మా ఇంట్లో అందరం అదే అంటాం.

పెన్నా గట్టు:
ఉంచబ్బా, దాని మీదే యతి నిలబడి ఉంది. విరాటపర్వం అంటే ఏందనుకున్నావు, పదమూడో శతాబ్దంలో నెల్లూరులో కూర్చుని తిక్కన గారు భారతాన్ని తెలుగు చెయ్యడం మొదలుపెట్టింది ఆ పర్వంతోనే, అక్కణ్ణుంచి పదిహేను పర్వాలు. ఏడాదిపాటు పేర్లు మార్చుకుని, వేషాలు మార్చుకుని శత్రువు చారుల కళ్లు కప్పి బతకడం, చివర్లో బృహన్నల నేనే అర్జునుణ్ణి అని ఉత్తరుడికి చెప్పడం, ఆ పిల్లోడు నమ్మలేక నీ పది పేర్లూ చెప్పమనడం! మొన్న హాల్లో తాత మోచెయ్యి పట్టుకున్నాడంటే, ఉత్తరుడు కూడా అట్టాగే పట్టుకునుంటాడు.

గూడూరు నిమ్మతోట:
ఆలస్యంగా వచ్చా, క్షమించండి. నాది నిజంగా జరిగిన గూఢచారి కథ, 1943 నాటిది.

సంద్రమందు తేలె సంచితో పీనుగు
లేఖ చదివినోళ్ల లెక్క తప్పె
సిసిలి వదిలి సేన చెదరెను గ్రీసుకు
చచ్చినట్టివాడె సాక్ష్యమిచ్చె

తెలియనోళ్లకి: బ్రిటిషోళ్లు ఒక అనాథ శవానికి మేజర్ యూనిఫాం తొడిగి, విలియం మార్టిన్ అని పేరు పెట్టి, ఏప్రిల్ 30న స్పెయిన్ దేశం వెల్వా ఊరి దగ్గర సముద్రంలో సబ్‌మెరైన్ నుంచి వదిలారు. నడుముకి గొలుసుతో కట్టిన సంచి, సంచిలో దొంగ లేఖలు, మేము దిగబోయేది గ్రీసులో, సార్డీనియాలో అని. జేబులో ప్రేమలేఖలు, పిల్ల ఫోటో, థియేటర్ టికెట్ చింపిన ముక్కలు కూడా పెట్టారు, నిన్నమొన్నటిదాకా బతికున్న మనిషి అనిపించడానికి. ఆ కాగితాలు జర్మన్ల చేతికి పోయాయి, వాళ్లు నమ్మారు. జులై 10న సైన్యం దిగింది సిసిలీలో.

ఒంగోలు ప్లీడరు:
టికెట్ ముక్కలు! ఆ ఒక్క వివరం చాలు.

పెన్నా గట్టు:
ఇది చదివి కాసేపు టైప్ చెయ్యలేకపోయా. ఆ మనిషి పేరు గ్లిండ్విర్ మైకేల్ అని చాలా ఏళ్ల తర్వాత బయటికొచ్చింది, వెల్వాలో సమాధి మీద ఆ పేరు కూడా తర్వాత చెక్కారు. రెండో పాదం "చదివినోళ్ల" అని మాట్లాడే తీరులో పెట్టడం నాకు చాలా నచ్చింది. మూడో పాదం ఒక్కటే చూడాలి. సిసిలి వదిలి అంటే సిసిలీ మొత్తం ఖాళీ చేసినట్టుంది, అట్టా జరగలేదు, వేరేచోట్లకి బలం పంపారు అంతే. ఇంకోటి, మూడో పాదం సేన గురించి, నాలుగోది శవం గురించి, మధ్యలో వంతెన లేదు. సాక్ష్యం అంటే ఏం చెప్పాడో ఉండాలి గదా. అదే అక్కడ పెడితే?

సిసిలి కాదు గ్రీసు చేరుదు రని చెప్పి
చచ్చినట్టివాడె సాక్ష్యమిచ్చె

సి కి చే యతి సరిపోద్ది. ఇప్పుడు పీనుగు నోరు తెరిచింది.

గూడూరు నిమ్మతోట:
అదే కావాల్సింది, "అని చెప్పి" దగ్గర తాళం తిరిగినట్టు తిరిగింది. దొంగ సాక్ష్యం అని కూడా ఎక్కడా చెప్పకుండానే తెలుస్తా ఉంది.

కనిగిరి అక్క:
చదివి ఏడుపొచ్చింది. బతికున్నప్పుడు ఒక్కరూ పట్టించుకోని మనిషి.

కందుకూరు మాస్టారు:
నా లెక్కలో ఈ వారం గూడూరు వారిదీ, ప్లీడరు గారిదీ. భారతం పూరణ వాటి పక్కనే. కావలి కుర్రోడు వరసగా రాస్తే త్వరలో మమ్మల్ని దాటతాడు, సంధి ఒక్కటి చూసుకోమనండి.

పెన్నా గట్టు:
నాకు మాత్రం గూడూరు వారిదే ముందు, మాస్టారికి ఎదురు చెప్పినట్టు అనుకోవద్దు. వచ్చే వారానికి ఉత్పలమాల ఇస్తున్నా, ప్రాస చ్చ, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం అదే రావాలి, యతి పదో అక్షరం. ఆదివారం సాయంత్రం లోపు పెట్టండి, ఆటవెలదిలో రాసినా తీసుకుంటాం గానీ మైపాడూ గూడూరూ మీరిద్దరూ మాత్రం ఉత్పలమాలే రాయాలి.

చచ్చినవాడు వచ్చి తన చావుకు నేడిచె నందరేడ్వగన్