అద్దెకిచ్చిన ఫ్లాటులో పైకప్పు చెమ్మ: ఇక్కడి నుండి మరమ్మతు ఎలా చేయించాలి?

ప్రశ్న (డాలస్ నుండి):
నమస్కారం. మేము అమెరికా వచ్చి రెండు నెలలైంది. కూకట్‌పల్లిలో అద్దెకిచ్చిన మా ఫ్లాటులో పడకగది పైకప్పు పెచ్చులూడుతోందని అద్దెకున్నవారు ఫోటోలు పంపారు. పుట్టీ పెట్టి రంగు వేయడానికి పెయింటరు 18 వేలు అడుగుతున్నారు. డబ్బు పంపమంటారా?

జవాబు (న్యూజెర్సీ నుండి):
నమస్కారమండీ. దయచేసి ఇప్పుడే పంపకండి. మేము మా ఫ్లాటుకు ఇలాగే రెండుసార్లు రంగు వేయించాము. నీరు ఎక్కడి నుండి దిగుతోందో ఎవరూ చూడకపోవడంతో రెండుసార్లూ అదే చోట మరక మళ్లీ తేలింది.

చెమ్మ ఫ్యాను దగ్గరికో లైటు పాయింటు దగ్గరికో చేరి ఉంటే, ఆ గది ఎంసీబీ (కరెంటు బోర్డులోని మెయిన్ స్విచ్చు లాంటిది) దించేయమని ఈ రోజే చెప్పండి. తరువాత, మరక అంచు వెంట పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసి, నాలుగైదు రోజులు ఉదయం సాయంత్రం ఫోటో పంపమని అద్దెకున్నవారిని అడగండి. వాన పడినప్పుడే తడి గీత దాటుతుంటే బయటి గోడ పగుళ్లను, పైన డాబా ఉంటే దానిని అనుమానించాలి. పై అంతస్తువారి స్నానాలయ్యాక పెరుగుతుంటే వారి నహానీ ట్రాప్ (బాత్‌రూం నేలలోని నీళ్ల తూము) చుట్టూనో టైల్స్ సందుల్లోనో లోపముండవచ్చు. వేళతో సంబంధం లేకుండా ఎప్పుడూ తడిగానే ఉంటే గోడలోని నీళ్ల పైపును చూపించాలి.

మా విషయంలో అసోసియేషన్ కార్యదర్శి పైవారిని ఒప్పించాక, మా మేనల్లుడు వారి బాత్‌రూం తూముకు గుడ్డ కుక్కి, నేల మీద రెండంగుళాల నీళ్లు నింపి, అందులో మిఠాయిల్లో వాడే ఎర్ర రంగు కలిపాడు. మర్నాడు మధ్యాహ్నానికి మా పైకప్పు మీద రూపాయి బిళ్లంత గులాబీ చుక్క కనిపించింది. తూము మూసినా కారింది కనుక లోపం కింది పైపులో కాక బాత్‌రూం నేలలోనే ఉందని తేలింది. అంతవరకు తమకేమీ సంబంధం లేదన్న పైవారు ఆ ఫోటో చూశాక సగం ఖర్చు పెట్టుకున్నారు.

మేస్త్రీకి డబ్బు విడతలుగానే ఇవ్వండి. వాటర్‌ప్రూఫింగ్ చేసి, కొత్త టైల్స్ పరవకముందే మళ్లీ 24 గంటలు నీళ్లు నిలబెట్టి, కింద చుక్క పడలేదని వీడియో చూశాకే పెద్ద విడత పంపండి. అక్కడ ఉదయం పదింటికి పని మొదలైతే మీకు రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. ఆ రెండు మూడు రోజులు మేలుకొని చూడటం మంచిదని నా అనుభవం. శ్లాబు పూర్తిగా ఆరడానికి వారాలు పట్టవచ్చు, పుట్టీ, రంగు ఆ తరువాతే.

మరో జవాబు (సియాటిల్ నుండి):
న్యూజెర్సీ వారు చెప్పినదానికి కొంత జోడిస్తాను. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) పరిధిలోకి వచ్చే ప్రాజెక్టైతే, స్వాధీనం చేసుకున్న 5 ఏళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాన్నీ పనితనపు లోపాన్నీ తెలియజేసిన 30 రోజుల్లో బిల్డరు ఉచితంగా సరిచేయాలని 2016 నాటి ఆ చట్టంలోని 14వ సెక్షను చెబుతోంది. కాబట్టి ఫోటోలతో ఈమెయిలు పంపి, ఆ తేదీని భద్రపరచుకోండి. మీ తరఫున తిరగడానికి ఎవరికైనా ఇక్కడి నుండి పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది భారతదేశం చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అద్దె ఆదాయం మీద అక్కడిచ్చే 30 శాతం మినహాయింపు మరమ్మతు చేయించినా చేయించకపోయినా ఒకటే కనుక ఆ బిల్లు అక్కడ పన్ను తగ్గించదు. అమెరికా రిటర్నులో మాత్రం దానిని అద్దె ఖర్చుగా చూపవచ్చు కాబట్టి, చేతిరాతతోనైనా సరే, తేదీతో కూడిన రసీదు మేస్త్రీ చేత రాయించుకోండి.