రాష్ట్రమంతటా భవన అనుమతికి ఒకే పద్ధతి ఉండాలా?

చర్చాంశం: తెలంగాణ 2020లో ప్రత్యేక చట్టం చేసి, టీఎస్-బీపాస్ పేరుతో పట్టణాలన్నింటి భవన అనుమతులను ఒకే ఆన్‌లైన్ పద్ధతిలోకి తెచ్చింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు మించని ఇంటికి ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల వరకు స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణతో, అంటే వివరాలు సరైనవేనని యజమాని తానే రాసిస్తే, వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించిన కట్టడాలకు ఏకగవాక్ష విధానంలో, అంటే అన్ని శాఖలకూ ఒకే దరఖాస్తుతో, 21 రోజుల గడువు ఉంది. అది దాటితే అనుమతి ఇచ్చినట్టే భావిస్తారు. ఈ ఏకరూపత మంచిదా, పద్ధతిని మున్సిపాలిటీలకే వదిలేయాలా?

లైసెన్స్‌డ్ ఇంజినీర్:
ఏకరూపతే కావాలి. ప్లాన్ గీసేవాళ్లను పాత పద్ధతిలో ఎక్కువగా ఇబ్బంది పెట్టింది నిబంధనలు కఠినంగా ఉండడం కాదు, వాటిని ఒక్కో ఆఫీసు ఒక్కో రకంగా చదవడం. సెట్‌బ్యాకులను, అంటే కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీలను, అన్ని పట్టణాల్లోనూ 2012 నాటి భవన నిబంధనల ఉత్తర్వు జీవో 168 ప్రకారమే లెక్కకట్టాలి. అయినా ఒకచోట రోడ్డు వెడల్పు అంటే నేల మీద ఉన్న 22 అడుగులు, మరోచోట మాస్టర్ ప్లాన్ చూపిన 40 అడుగులు. రెండో లెక్కలో ప్లాటు యజమాని రోడ్డు విస్తరణకు తన వైపు 9 అడుగులు వదిలి, అక్కడి నుంచి మళ్లీ ముందు సెట్‌బ్యాక్ కొలుచుకోవాలి. చిన్న ప్లాటులో ముందు గది నిలుస్తుందో పోతుందో తేల్చేది ఆ 9 అడుగులే. ఏ లెక్క పాటిస్తారో ముందుగా ఎక్కడా రాసి ఉండేది కాదు, దరఖాస్తులో లోపాలు చెప్పే షార్ట్‌ఫాల్ లెటర్ వచ్చాకే తెలిసేది. దానికి జవాబిచ్చిన తర్వాత మరో షార్ట్‌ఫాల్ వచ్చేది. లోపాలన్నీ ఒకేసారి చెప్పాలన్న నియమం రాష్ట్రస్థాయిలో లేకపోతే ఏ మున్సిపాలిటీ తనంతట తాను దాన్ని పెట్టుకోదు.

టౌన్ ప్లానింగ్ విశ్రాంత ఉద్యోగి:
ఇంజినీర్ గారు చెప్పిన ఇబ్బంది నిజమే, కానీ నా ఆందోళన చెరువుల గురించి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటల నుంచి 9 మీటర్లు వదలాలని అదే జీవో చెబుతోంది. ఆ దూరం ఎక్కడి నుంచి కొలవాలో తెలియాలంటే ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు, తేలాలి. తుది నోటిఫికేషన్ రాని చెరువులు ఇంకా ఎన్నో ఉన్నాయి. పత్రాల్లో పట్టా భూమిగా ఉన్న ప్లాటులో వానాకాలం నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో స్థానిక సిబ్బందికి తెలుసు, దరఖాస్తు ఫారానికి తెలియదు. స్వీయ ధ్రువీకరణలో తనిఖీ అనుమతి తర్వాత జరుగుతుంది, అప్పటికి పునాదులు తవ్వేసి ఉంటారు. ఉల్లంఘన తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం చట్టం ఇచ్చింది. బ్యాంకు రుణంతో కట్టుకున్న కుటుంబానికి, ముందే కాదని చెప్పి ఉంటే ఈ గతి పట్టేది కాదు. పైగా ఒకే ఒక్క ప్లానింగ్ అధికారి ఉన్న చిన్న మున్సిపాలిటీకీ హైదరాబాద్‌కూ ఒకే 21 రోజులు పెడితే, చిన్న ఊళ్లో పరిశీలన మొక్కుబడిగా మారుతుంది.

లైసెన్స్‌డ్ ఇంజినీర్:
నీళ్లు ఎక్కడిదాకా వస్తాయన్నది ఒక ఉద్యోగి అనుభవంలోనే ఉంటే, ఆయన బదిలీతో అదీ వెళ్లిపోతుంది. దాన్ని సర్వే నంబర్ల వారీగా మ్యాపులో పెట్టి దరఖాస్తుకు జోడించమనడమే ఏకరూపత. స్థానిక తేడాలను చెరిపేయమని నేను అనడం లేదు. వాటిని కారణంతో సహా ముందే ప్రకటించమంటున్నాను. కాలిఫోర్నియాలో నగరాలు రాష్ట్ర భవన నియమావళిని కఠినతరం చేయాలంటే, స్థానిక వాతావరణం, భూగర్భ స్థితి, నేల తీరు కారణంగా అది అవసరమని రాతపూర్వకంగా చూపించాలి. 1992లో ఆండ్రూ తుఫాను దక్షిణ ఫ్లోరిడాను దెబ్బతీసినప్పుడు అక్కడి నియమావళి కఠినమైనదే, అమలు మాత్రం బలహీనంగా ఉందని బయటపడింది. 2002లో రాష్ట్రమంతటికీ ఒకే నియమావళి అమల్లోకి వచ్చినప్పుడు, తీవ్రమైన గాలులు వీచే మయామీ-డేడ్, బ్రోవర్డ్ కౌంటీలకు అందులోనే ప్రత్యేక నిబంధనలు రాశారు. సిబ్బంది విషయంలో మీ మాట కాదనలేనిది. న్యూజెర్సీ 1975 చట్టంతో ఫారాలను, గడువును ఏకరూపం చేసింది; ప్లాన్లను పరిశీలించే స్థానిక అధికారులకు లైసెన్సు ఇచ్చే బాధ్యత కూడా రాష్ట్రమే తీసుకుంది. మన దగ్గర గడువు వచ్చింది కానీ, దానికి తగ్గ సిబ్బంది రాలేదు.

టౌన్ ప్లానింగ్ విశ్రాంత ఉద్యోగి:
అలాగైతే రెండు షరతులు చట్టంలోనే చేర్చాలి. ఎఫ్‌టీఎల్ ఖరారు కాని చెరువు పక్క సర్వే నంబర్లకు తక్షణ అనుమతి ఇవ్వకూడదు. మిగతా చోట్ల నేల మీద పునాదుల మార్కింగ్ అయ్యాక, కాంక్రీటు పోయకముందు, తేదీతో కూడిన ఫొటోలతో ఒక తనిఖీ తప్పనిసరి కావాలి.

లైసెన్స్‌డ్ ఇంజినీర్:
మొదటిది వెంటనే అమలు చేయవచ్చు. రెండోదానికి మాత్రం గడువు ఉండాలి, ఎందుకంటే అధికారి రాలేదని తవ్విన గుంతను వానాకాలమంతా తెరిచి ఉంచితే పక్కింటి గోడ కూలుతుంది. మూడు పనిదినాల్లో మున్సిపాలిటీ రాకపోతే, ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని మరో లైసెన్స్‌డ్ ఇంజినీర్ తనిఖీ చేసి సంతకం పెట్టే వీలు కల్పించాలి, ఆ సంతకానికి ఆయన లైసెన్సే పూచీ కావాలి.